ధ్రువ సముద్రపు మంచు చరిత్ర చెబుతున్న ఇనుప రేణువులు

జంషెడ్‌పూర్: నోవాముండి గనుల నుంచి ఇక్కడి ఉక్కు కర్మాగారానికి చేరే ముడి ఇనుము ప్రధానంగా హెమటైట్. ఇదే కోవకు చెందిన ఇనుప ఆక్సైడ్ రేణువులు ఉత్తర ధ్రువానికి సమీపంలోని సముద్ర గర్భంలోనూ ఉన్నాయి. అక్కడి మంచు ఎప్పటిదన్న ప్రశ్నకు శాస్త్రవేత్తలు వాటి ద్వారానే సమాధానం వెతుకుతున్నారు.

2004లో అంతర్జాతీయ బృందం మూడు నౌకలతో ఆర్కిటిక్‌కు వెళ్లి, ధ్రువానికి దాదాపు 250 కిలోమీటర్ల దూరంలోని లొమొనోసొవ్ పర్వత శ్రేణిపై 400 మీటర్లకు పైగా లోతు తవ్వింది. గొట్టాలతో వెలికితీసిన మట్టి పొరలలో పైవి కొత్తవి, కిందివి పాతవి.

తీరం నుంచి అంత దూరానికి ముతక ఇసుకను గాలి గానీ, ప్రవాహాలు గానీ మోసుకుపోలేవు. లోతు తక్కువ తీరజలాలు గడ్డకట్టేటప్పుడు ఇసుక మంచులో చిక్కుకుంటుంది. మంచు కొట్టుకుపోయి కరిగిన చోట అడుగుకు జారుతుంది. ఇటువంటి ఇసుకతో పాటు మంచును ఆశ్రయించి జీవించే డయాటమ్ శిలాజాలు సుమారు 4.7 కోట్ల సంవత్సరాల నాటి పొరలలో కనిపించాయి. అంటే అప్పటికే అక్కడ కనీసం శీతాకాలపు మంచు ఏర్పడేది.

అయితే ఆ మంచు వేసవిలోనూ నిలిచేదా? ఒక్కో తీరపు ఇనుప రేణువులలో టైటానియం, మాంగనీస్ వంటి మూలకాల పాళ్లు వేరుగా ఉంటాయి. వాటిని బట్టి రేణువు పుట్టిన తీరాన్ని గుర్తించవచ్చు. ఏడాదికి మించి ప్రయాణిస్తే తప్ప చేరలేని దూర తీరాల రేణువులు దొరికాయి గనుక, 1.4 కోట్ల సంవత్సరాలుగా మంచు వేసవిని తట్టుకుని నిలిచిందని 2008లో వెలువడిన అధ్యయనం తేల్చింది.

2016 నాటి మరో అధ్యయనం దీనికి భిన్నమైన చిత్రాన్ని చూపింది. మంచులో పెరిగే డయాటమ్‌లు తయారుచేసే ఒక కర్బన పదార్థాన్ని అదే పర్వత శ్రేణిపై మరోచోట తీసిన మట్టిలో పరిశీలించగా, 60 లక్షల నుంచి కోటి సంవత్సరాల క్రితం వసంతంలో మంచు ఉన్నా, వేసవిలో సముద్రం మంచు లేకుండా ఉండేదని తేలింది. రెండు నమూనాల స్థలాలు వేరు. పైగా పరీక్షించిన పొరల మధ్య వేల సంవత్సరాల వ్యవధి ఉంటే, మంచు లేని స్వల్ప కాలాలు రేణువుల లెక్కకు అందకపోవచ్చు.

ఇది కేవలం గతానికి సంబంధించిన చర్చ కాదు. 2012 సెప్టెంబరులో ఆర్కిటిక్ మంచు ఉపగ్రహ కొలతలలోనే అత్యల్పంగా సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు తగ్గింది. ఆ మంచు క్షీణతకూ, మన దేశంలో సెప్టెంబరు నాటి అతివృష్టికీ సంబంధం ఉండవచ్చని గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 2021లో సూచించారు. ఎంత వేడిమికి వేసవి మంచు మాయమవుతుందో తెలిపే పాత లెక్క ఈ మట్టి పొరలలోనే ఉంది.