ప్రకృతి విద్యా కేంద్రం: కట్టడం ఒకసారి, నడపడం ఏటేటా

ధార్మిక సంస్థలకు విరాళమిచ్చేవారిలో చాలామంది ఒక గది కోసమో, బోరుబావి కోసమో, ప్రహరీగోడ కోసమో ఇస్తారు. అది సహజమే. ఇచ్చిన సొమ్ము కంటికి కనబడుతుంది, రేపు మనవళ్లకు చూపించి చెప్పుకోవచ్చు. కానీ కొన్ని పనుల్లో భవనం చివరి అవసరం, మనిషి మొదటి అవసరం. పిల్లలకు నేల గురించి, నీటి గురించి, చెట్టూ పిట్టా గురించి నేర్పే ప్రకృతి విద్యా కేంద్రం అలాంటి పని. అది ఎలా నడుస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది, విరాళం అడిగినప్పుడు దాత ఏమేమి చూడాలి అన్నదే ఈ వ్యాస విషయం.

పార్కూ కాదు, జూ కూడా కాదు

పార్కుకు నడవడానికి వెళతాం. జూకు జంతువులను చూడడానికి వెళతాం. ప్రకృతి విద్యా కేంద్రానికి పిల్లలు నేర్చుకోవడానికి వస్తారు. దానికి కావలసినవి మూడు. ఒకటి, సిమెంటు కింద పడకుండా మిగిలిన కాస్త నేల: చెరువు గట్టో, వాగు ఒడ్డో, పాత తోపో. రెండు, ఆ నేలను బాగా ఎరిగి పిల్లలతో మాట్లాడగలిగే బోధకుడు లేదా బోధకురాలు. మూడు, ఏ బడి, ఏ తరగతి, ఏ రోజు వస్తుందో ముందే రాసుకున్న పట్టిక. ఈ మూడూ ఉంటే రేకుల షెడ్డు కిందయినా కేంద్రం నడుస్తుంది. రెండోది లేకపోతే ఎంత మంచి భవనానికైనా తాళమే పడుతుంది.

మన దగ్గర ప్రభుత్వం నడిపే కేంద్రాలు కొన్ని ఉన్నాయి. సూళ్లూరుపేట సమీపంలోని నేలపట్టులో గూడబాతులు గూళ్లు పెట్టే చెరువు దగ్గర అటవీశాఖవారి పర్యావరణ విద్యా కేంద్రం ఉంది. అలాంటి చోటికి మన పట్టణాల పిల్లలు వెళ్లేది ఎప్పుడో ఒకసారి, విహారయాత్రకు వెళ్లినట్టు. చుట్టుపక్కల కాపురముండేవాళ్లు తమ పిల్లల కోసం తామే పెట్టుకుని, విరాళాలతో నడుపుకునే కేంద్రం వేరు. దాని తీరు తెలుసుకోవడానికి అమెరికాలోని మిల్వాకీ నగరం మంచి ఉదాహరణ.

మిల్వాకీవారు ఏం చేశారు?

మిషిగన్ సరస్సు ఒడ్డునున్న మిల్వాకీలో, నది పక్కనే రివర్‌సైడ్ పార్కు ఉంది. ఒకప్పుడు అందమైన చోటు. కాలక్రమంలో నది మురికిపట్టింది, పార్కులో చెత్త పేరుకుంది, నేరాలు పెరిగాయి. పిల్లలను అటువైపు పంపడానికి తల్లిదండ్రులు భయపడేవారు. ఇలాంటి పరిస్థితిలో ఎవరైనా పోలీసులను అడుగుతారు, లేదా ఎత్తయిన గోడ కట్టమంటారు. అక్కడివారు 1991లో మరో దారి పట్టారు. పార్కును శుభ్రం చేసి, దాన్నే పిల్లలకు తరగతి గదిగా మార్చాలనుకున్నారు. మంచివాళ్లు రోజూ తిరిగే చోట చెడ్డపనులకు చోటు తగ్గుతుందన్నది వారి లెక్క. అలా పుట్టినదే అర్బన్ ఎకాలజీ సెంటర్.

దాతలు గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ కేంద్రం చాలా ఏళ్లపాటు ఒక ట్రైలర్‌లోనే, అంటే చక్రాల మీద తెచ్చి నిలిపే గదిలోనే నడిచింది. సొంత భవనం 2004లో గానీ రాలేదు. పాఠాలు, బోధకులు, బడులతో ఒప్పందాలు ముందు స్థిరపడ్డాయి. అవి చూసి నమ్మకం కుదిరాకే దాతలు భవనానికి ఇచ్చారు. 2007లో వాషింగ్టన్ పార్కులో, 2012లో మెనోమనీ లోయలో శాఖలు తెరిచారు. మెనోమనీ లోయ శాఖ కోసం పాత కట్టడాన్నే బాగుచేసుకున్నారు.

ఈ మధ్యలో నది కూడా మారింది. పార్కుకు దిగువనున్న పాత ఆనకట్టను 1997లో తొలగించాక నీరు మళ్లీ పారింది, చేపలు తిరిగి వచ్చాయి. అది కేంద్రం ఒక్కటే చేసిన పని కాదు. కానీ బాగుపడుతున్న నదిని దగ్గరుండి చూసే భాగ్యం అక్కడి పిల్లలకు కలిగింది.

ఒకే పిల్లలు, మళ్లీ మళ్లీ

మిల్వాకీ కేంద్రం తీసుకున్న నిర్ణయాల్లో అన్నిటికంటే ముఖ్యమైనది దూరం గురించి. ఒక్కొక్క కేంద్రం తన చుట్టూ రెండు మైళ్లు, అంటే దాదాపు మూడు కిలోమీటర్ల లోపలి బడులతోనే ఒప్పందం చేసుకుంటుంది. ఆ బడుల పిల్లలు ఏడాదిలో ఒకసారి కాదు, పలుమార్లు వస్తారు. బడి కొంత రుసుము కడుతుంది, మిగతా ఖర్చు దాతలు భరిస్తారు.

నగరమంతటి నుంచి వేలమందిని ఒక్కొక్కసారి రప్పిస్తే నివేదికలో అంకె పెద్దదిగా కనిపిస్తుంది. కానీ తొలిసారి వచ్చిన పిల్లవాడికి కొత్త చోటు సంబరం, బురదంటే బెదురు, పురుగంటే భయం. ఆ పూట వాటితోనే గడిచిపోతుంది. రెండోసారి వచ్చేసరికి భయం తగ్గుతుంది. మూడోసారి, పోయిన నెల ఆకులతో ఉన్న చెట్టు ఇప్పుడెందుకు బోసిపోయిందని తనంతట తానే అడుగుతాడు. అక్కడినుంచే చదువు మొదలవుతుంది. పైగా కేంద్రం నడిచి వెళ్లగలిగినంత దగ్గరగా ఉంటే, సెలవురోజున ఆ పిల్లవాడే తల్లిని, చెల్లెలిని వెంటబెట్టుకుని వస్తాడు.

ఒక పూట పాఠం

మన ఊళ్లో చెరువు గట్టున ఇలాంటి పాఠం ఎలా ఉంటుందో చూద్దాం. ముప్పైమంది పిల్లలను చిన్న జట్లుగా చేస్తారు. జట్టుకో చిన్న వల, ఒక తెల్లటి పళ్లెం. ఒడ్డున లోతులేని చోట వలతో తోడి, పళ్లెంలో వంపి, అందులో కదిలేవాటిని లెక్కపెడతారు. తూనీగ రెక్కలొచ్చేదాకా నీళ్లలోనే పెరుగుతుందని చాలామంది పెద్దలకే తెలియదు. పిల్లలు దాని పిల్లపురుగును పళ్లెంలో చూస్తారు. ఎర్రటి సన్నని పురుగులు మాత్రమే దొరికాయనుకోండి, అది మంచి సూచన కాదు. వాటి ఒంట్లో మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ వంటి పదార్థం ఉంటుంది. అందువల్ల ప్రాణవాయువు తగ్గిపోయిన మురికి నీటిలోనూ అవి బతుకుతాయి, మిగతావి చనిపోతాయి. చెరువులో ఏవి బతికున్నాయో చూస్తే నీరు ఎలా ఉందో తెలుస్తుంది. దీనికి ఖరీదైన పరికరమేదీ అక్కరలేదు.

ఆ లెక్కను నెలనెలా ఒకే పుస్తకంలో రాస్తారు. రెండు మూడేళ్లకు అది ఆ చెరువు ఆరోగ్య చరిత్ర అవుతుంది. మురుగుకాలువ ఏ నెలలో చెరువులో కలిసిందో ఆ పుస్తకం చెబుతుంది. అధికారుల దగ్గరికి వెళ్లినప్పుడు బస్తీ పెద్దల చేతిలో ఫిర్యాదుతో పాటు ఆధారం కూడా ఉంటుంది.

మన దగ్గర చట్టం ఉంది, చోటు లేదు

మిల్వాకీవారు పని మొదలుపెట్టిన 1991లోనే మన సుప్రీంకోర్టు, ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో, పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేయాలని చెప్పింది. 2001-02లో కేంద్ర ప్రభుత్వం జాతీయ హరితదళం పేరుతో బడుల్లో ఎకో క్లబ్బులు ప్రారంభించింది. అందువల్ల పాఠ్యపుస్తకం ఉంది, చాలా బడుల్లో క్లబ్బు కూడా ఉంది. ఇరుకు సందుల్లో అద్దె భవనాల్లో నడిచే బడుల పిల్లలకు లేనిది వెళ్లడానికి ఒక చోటు, అక్కడ చెప్పడానికి ఒక మనిషి. సమాజ సంస్థ ఏర్పాటు చేయగలిగేది సరిగ్గా ఈ రెండే.

ఖర్చు ఎక్కడ పడుతుంది?

ఇలాంటి కేంద్రంలో ఏటేటా పడే పెద్ద ఖర్చు బోధకుల జీతం. తర్వాత బస్సు, దారుల మరమ్మతు, తాగునీరు, మరుగుదొడ్డి, ప్రథమ చికిత్స పెట్టె. ఆడపిల్లలకు శుభ్రమైన మరుగుదొడ్డి, వెంట ఒక మహిళా బోధకురాలు లేకపోతే తల్లిదండ్రులు పంపరు. నీటి దగ్గర పాఠమైతే ప్రతి చిన్న జట్టుకూ ఒక పెద్దమనిషి తోడుండాలి. వేసవిలో పాఠాలు పొద్దున్నే ముగించాలి, పరీక్షల నెలలో పట్టిక ఖాళీగా ఉంచాలి. ఇవన్నీ చిన్న విషయాల్లాగే కనిపిస్తాయి. వీటిని చూసుకునే మనిషి జీతం ఆగిన నెలలోనే కేంద్రమూ ఆగిపోతుంది.

ఈ సంగతి మన పెద్దలకు బాగా తెలుసు. వక్ఫ్ చేసినవారు మసీదో, మదరసానో, సరాయో కట్టించి ఊరుకోలేదు. దాని దీపానికి, పనివారి జీతానికి సరిపడా పొలమో, దుకాణాలో దానికి రాసిచ్చారు. అసలు కదలకూడదు, దాని రాబడితో పని సాగాలి. సదకయె జారియా అనే మాటలోని ‘ఆగకుండా సాగడం’ అదే కదా! ప్రకృతి కేంద్రానికీ అదే పద్ధతి సరిపోతుంది. జకాత్‌కు నిర్ణీత హక్కుదారులున్నారు కనుక ఆ సొమ్మును దీంతో కలపకుండా, స్వచ్ఛంద దానానికి వేరుగా ఖాతా ఉంచడం మంచిది.

విరాళానికి ముందు అడగవలసినవి

నేల ఎవరిది? చెరువు గట్టు ప్రభుత్వానిదైతే రాతపూర్వకమైన అనుమతి ఉందా, ఎన్నేళ్లకు? బోధకుల జీతానికి మూడేళ్ల సొమ్ము కనబడుతోందా? ఏ ఏ బడులతో ఒప్పందం ఉంది, అవి ఎంత దూరంలో ఉన్నాయి? ఒక్కొక్క తరగతి ఏడాదిలో ఎన్నిసార్లు వస్తుంది? పిల్లల భద్రతకు బాధ్యులెవరు? ఏడాది చివర లెక్కలు ఎవరు చూస్తారు? వీటికి సూటిగా సమాధానమిచ్చే కార్యవర్గానికి మీ విరాళం నిశ్చింతగా ఇవ్వవచ్చు. ‘ముందు భవనం కానివ్వండి, మిగతావి తర్వాత చూద్దాం’ అనేవారిని కొంతకాలం ఆగమనండి. ఒక బోధకురాలితో, దగ్గరి రెండు బడులతో, ఒక ఏడాది నడిపి చూపించమనండి.

మొదటి సంవత్సరం ఉత్సాహంతో చాలామంది ఇస్తారు. కేంద్రాన్ని నిలబెట్టేవారు మూడో సంవత్సరమూ, ఐదో సంవత్సరమూ ఇచ్చేవారు. శిలాఫలకం మీద పేరుకు బదులు ఒక బోధకురాలి నెల జీతాన్ని ఏటా భరిస్తామని పదిమంది దాతలు మాటిస్తే, కేంద్రం నిలబడుతుంది. మన బస్తీ పిల్లలు మన చెరువును పేరు తెలిసిన చుట్టంలా చూసుకోవడం నేర్చుకుంటారు.