యాడుండావు?

మాది చిల్లకూరు. గూడూరు దాటగానే హైవే మీద తగిలే ఊరు. తూర్పున ఉప్పుటేటి వైపు మా నాయన రెండు రొయ్యల గుంటలు కౌలుకు చేస్తున్నాడు. పోయిన ఎండాకాలం సెలవుల్లో ఒక మధ్యాహ్నం, "పొయ్యి చెక్ ట్రేలు చూసి రా" అన్నాడు. మేత వేసిన తర్వాత రొయ్య తిన్నదా లేదా అని తెలుసుకోవడానికి నీళ్ళలో దించే పళ్ళేలవి. నాలుగూ పైకి లాగాను, చూశాను, మళ్ళీ దించి షెడ్డుకొచ్చాను.

"మేత మిగిలిందా?" అని అడిగాడు.

నాకు గుర్తు లేదు. నా చేత్తోనే లాగాను, నా కళ్ళతోనే చూశాను. కానీ మనసంతా రాబోయే మ్యాథ్స్ రిజల్ట్ మీద ఉంది. నాయన తిట్టలేదు. "యాడుండావు రా?" అని ఒక్క మాట అని, తనే పోయి చూశాడు. రెండు ట్రేలలో మేత అట్నే ఉంది. ఆ పూట మేత తగ్గించాడు. తగ్గించకుంటే మిగిలింది అడుగున కుళ్ళి, నీళ్ళలో ఆక్సిజన్ తినేస్తుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ ఎటూ బాగా పడిపోతుంది. అప్పుడు రొయ్యలు పైకి తేలాయంటే అప్పు తెచ్చి వేసిన పంట పోయినట్టే.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నిజంగానే నేను ఎక్కడున్నాను?

ఇది నా ఒక్కడి జబ్బు కాదని తర్వాత చదివాను. 2010లో హార్వర్డ్‌కు చెందిన కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అనే ఇద్దరు 'సైన్స్' పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. 2,250 మందిని ఫోన్ యాప్ ద్వారా ఉన్నట్టుండి అడిగేవాళ్ళు: ఇప్పుడేం చేస్తున్నారు, మనసు దాని మీదే ఉందా, ఎలా ఉన్నారు? దాదాపు 47 శాతం సార్లు మనసు వేరేచోట ఉంది. అలా ఉన్నప్పుడు జనం తక్కువ సంతోషంగా ఉన్నారు. మంచి విషయాలు తలుచుకుంటున్నవాళ్ళు కూడా, చేస్తున్న పనిలో ఉన్నవాళ్ళకంటే ఎక్కువ సంతోషంగా ఏమీ లేరు.

దీనికి మందుగా చెప్పేదే మైండ్‌ఫుల్‌నెస్. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్‌లో జాన్ కబాట్-జిన్ దీన్ని ఒక కోర్సుగా మొదలుపెట్టాడు. మూలం మాత్రం బౌద్ధంలోని 'సతి'. మనకు అంతకంటే దగ్గర మాట ఉంది: ఎరుక. మన మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి కూడా జీవితమంతా గమనించడం గురించే మాట్లాడాడు. ఆయనైతే దానికి పద్ధతి, సాధన అంటే అసలు ఒప్పుకోలేదు.

చాలామంది ఆలోచనలు ఆపడమే ఎరుక అనుకుంటారు. ఆలోచనలు ఆగవు. మనసు పారిపోతుంది, పారిపోయిందని మనకు తెలుస్తుంది, వెనక్కి తెచ్చుకుంటాం. జిమ్‌లో డంబెల్ ఒకసారి ఎత్తి దించడం ఎట్లాగో, ఈ వెనక్కి రావడం అట్లా. పదిసార్లు పారిపోతే పదిసార్లు కసరత్తు అయినట్టు. తిట్టుకోవాల్సిన పని లేదు.

నేను చేసేవి మూడే:

ఒకటి, చూసింది మనసులోనే మాటల్లో చెప్పుకోవడం. "రెండో ట్రే, గుప్పెడు మేత ఉంది, పేగు సగమే నిండింది." ల్యాబ్‌లో రీడింగ్ తీసేటప్పుడు కూడా ఇది పనికొస్తుంది.

రెండు, మెస్‌లో మొదటి ఐదు ముద్దలు ఫోన్ లేకుండా తినడం. సాంబారులో ఉప్పు ఎక్కువైందని నాకు రెండేళ్ళ తర్వాత తెలిసింది!

మూడు, పరీక్ష హాల్లో పేపర్ ఇవ్వగానే పాదాలు నేలకు ఆనించి, మూడుసార్లు నిదానంగా ఊపిరి వదిలి, అప్పుడు మొదటి ప్రశ్న చదవడం.

దీంతో బ్యాక్‌లాగ్‌లు పోవు. నాది పోలేదు, మళ్ళీ రాశాను. అప్పూ తీరదు. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చోకండి. టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం. లేదా దగ్గరున్న మనిషికి చెప్పండి.

ఈ దసరాకి ఇంటికి పోయినప్పుడు మళ్ళీ ట్రేలు చూశాను. నాయన అడగకముందే నాలుగింటి లెక్కా చెప్పాను. ఆయన తలూపి, మేత బకెట్ నా చేతికిచ్చాడు.