కారు మీద కారు: గ్యారేజీ లిఫ్ట్‌కి ప్రాణం లెవెల్‌లోనే!

ఒక కారు గాల్లో, దాని కింద ఇంకో కారు. ఇలాంటి రీల్స్ మీ ఫీడ్‌లోకీ వచ్చే ఉంటాయి. స్తంభాలు నిలబెట్టడం, మోటార్ బిగించడం, కారు పైకి లేవడం... ముప్పై సెకన్లలో అన్నీ అయిపోతాయి. అందులో కనిపించని పని ఒకటుంది. లిఫ్ట్ బిగించడానికి నాకు రెండు వీకెండ్లు పడితే, అందులో సగం ఆ ఒక్క పనికే పోయింది. అదే లెవెల్ చూడటం.

నేనుండేది అమెరికాలో, డల్లాస్‌కి ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో. ఇక్కడ వసంతం వచ్చిందంటే వడగళ్లు. నిమ్మకాయంత రాళ్లు పడ్డాయంటే బయట ఉన్న కారు టాప్ మొత్తం సొట్టలే. గ్యారేజీలో రెండు కార్లకే చోటు, ఇంట్లో ఉన్నవి మూడు. మూడోదాన్ని పైకెక్కించడం తప్ప దారి లేదనిపించింది.

మన ఊళ్లో సర్వీస్ సెంటర్‌లో చూసేది చాలావరకు రెండు స్తంభాల లిఫ్ట్. నాలుగు చేతులతో కారుని ఎత్తుతుంది, చక్రాలు వేలాడుతుంటాయి. రిపేర్లకి అదే హాయి. కానీ ఆ రెండు స్తంభాలు నిలబడేది నేలలోకి దించిన బోల్టుల బలం మీద. సాధారణంగా కనీసం 4 అంగుళాల మందం, 3,000 పీఎస్ఐ బలం ఉన్న కాంక్రీటు అడుగుతారు. మా గ్యారేజీ నేల మీద మాత్రం 'పోస్ట్ టెన్షన్డ్ స్లాబ్, కోయొద్దు, డ్రిల్ చేయొద్దు' అని ముద్రే వేసి ఉంది.

మన దగ్గర స్లాబ్ అంటే పైకప్పు. ఇక్కడ ఇల్లంతా కూర్చునే నేల కూడా స్లాబే. డల్లాస్ చుట్టుపక్కల మట్టి మన గుంటూరు నల్లరేగడికి చుట్టమే. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. ఆ కదలికకి స్లాబ్ పగలకుండా లోపల ఉక్కు కేబుళ్లు పరిచి, కాంక్రీటు గట్టిపడ్డాక వాటిని లాగి బిగిస్తారు. ఒక్కో కేబుల్‌లో సుమారు 33,000 పౌండ్ల లాగుడు ఉంటుంది. అంటే దాదాపు 15 టన్నులు! డ్రిల్ బిట్ దానికి తగిలి తెగితే కాంక్రీటుని చీల్చుకుని బయటికి రావొచ్చు. రాడార్‌తో స్కాన్ చేయించి, ఇంజినీర్ని అడిగి బోల్టులు దించేవాళ్లు ఉన్నారు. పార్కింగ్ కోసం అంత సాహసం ఎందుకని నేను నాలుగు స్తంభాల లిఫ్టే తీసుకున్నా. దాంట్లో కారు చక్రాల మీదే రెండు పలకలపై నిలబడుతుంది. ఇంటి కోసం చేసే చాలా మోడళ్లకి నేలలో బోల్టులు అక్కర్లేదు. మీ మోడల్ మాన్యువల్ బోల్టు వేయాల్సిందే అంటే మాత్రం వేయాల్సిందే.

ఎత్తు లెక్క తేలికే. పైన క్యామ్రీ 57 అంగుళాలు, కింద టెస్లా మోడల్ వై 64, మధ్యలో పలక మందం ఓ 5. మొత్తం 126, అంటే పదిన్నర అడుగులు. మా గ్యారేజీ పైకప్పు 11 అడుగులు కాబట్టి సరిపోయింది. డోర్ మోటార్‌ని పైకప్పు నుంచి పక్క గోడకి మార్పించా. ఆ డోర్ స్ప్రింగుల జోలికి మాత్రం మీరు వెళ్లకండి. ఆ పని తెలిసినవాళ్లకే వదిలేయండి.

ఇక అసలు సంగతి. గ్యారేజీ నేల చదునుగా ఉంటుందనుకుంటాం. ఉండదు, ఉండకూడదు కూడా. నీళ్లు, ఆయిల్ బయటికి పోవాలని డోర్ వైపు వాలు పెట్టే కడతారు. మా నేల అడుగుకి అంగుళంలో ఎనిమిదో వంతు వాలింది. మన వడ్రంగుల లెక్కలో ఒక నూలు. ఇంతేగా అనిపిస్తుంది. ముందు స్తంభానికీ వెనక స్తంభానికీ మధ్య 14 అడుగులు. పద్నాలుగు నూళ్లంటే 1.75 అంగుళాలు! అంత తేడా మీద కారుని ఎత్తి, దాని కింద మనుషులు తిరగాలన్నమాట.

రెండడుగుల రసమట్టం పెట్టి చూస్తే, అది పెట్టిన చోటు సంగతే చెబుతుంది. నాలుగు మూలల లెక్క ఒకేసారి చెప్పదు. లేజర్ ఉంటే మంచిదే. నేను మాత్రం మన మేస్త్రీలు పునాది దగ్గర పట్టుకునే నీళ్ల పైపే వాడా. ముప్పై అడుగుల పారదర్శక గొట్టం, అందులో నీళ్లు, కనబడటానికి రెండు చుక్కల ఫుడ్ కలర్. గాలి బుడగ ఒక్కటి కూడా ఉండకూడదు, రెండు కొసలూ తెరిచి ఉండాలి. నీరు పల్లమెరుగు అన్నారు కదా, రెండు కొసల్లో నీళ్లు ఎక్కడ ఆగితే అదే లెవెల్. దీనికి బ్యాటరీ అక్కర్లేదు, అబద్ధం చెప్పదు!

ఇక్కడ రెండు వేర్వేరు పనులున్నాయి, వాటిని కలిపేయకూడదు. మొదటిది, స్తంభం నిటారుగా ఉండాలి. నేల వాలితే స్తంభమూ డోర్ వైపు ఒరుగుతుంది. అందుకని అడుగు పలక కింద పల్లం వైపు ఉక్కు బిళ్లలు పెట్టి సరిచేయాలి. చెక్క ముక్కలు, టైల్ ముక్కలు వద్దే వద్దు. ఎంత మందం వరకు పెట్టొచ్చో మాన్యువల్‌లో ఉంటుంది, దాన్ని దాటకూడదు. రెండోది, పైనున్న పలకలు లెవెల్‌గా ఉండాలి. స్తంభం లోపల ఉక్కు నిచ్చెన లాంటిది ఒకటి ఉంటుంది. లాక్ పడేది దాని మెట్ల మీదే. పల్లం వైపున్న రెండు స్తంభాల్లో పై నట్లు తిప్పి ఆ నిచ్చెనల్ని 1.75 అంగుళాలు పైకి లేపితే, నేల వాలిగా ఉన్నా పలకలు సమంగా నిలుస్తాయి.

లెవెల్ చూసేది ఎప్పుడన్నదీ ముఖ్యమే. హైడ్రాలిక్ మోటార్ కేబుళ్లని లాగి పలకల్ని ఎత్తుతుంది. కారు పైన నిలిచి ఉండాల్సింది మాత్రం ఆ కేబుళ్ల మీద కాదు, లాకుల మీద. ముందు నాలుగు లాకుల మీదికి దించి నిచ్చెనల్ని సరిచేయాలి. తర్వాతే కేబుళ్ల పొడవు. పైకి లేపేటప్పుడు చెవి పెట్టి వినండి. నాలుగు మూలలూ కలిసి ఒకే 'టక్' అనాలి. టక్... టక్ టక్... టక్ అని విడివిడిగా వినిపిస్తే ఏదో మూల వెనకబడినట్టే. ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, కారెక్కించాక ఇంకోసారి చూడాలి. కొత్త కేబుళ్లు బరువు పడ్డాక కొంచెం సాగుతాయి.

దింపేటప్పుడు ఇంకా జాగ్రత్త. ముందు కాస్త పైకి లేపి లాకులన్నీ వదిలాయో లేదో కళ్లతో చూడాలి. మూడు వదిలి ఒకటి పట్టుకుని ఉంటే, మూడు మూలలు దిగుతాయి, ఒకటి అక్కడే ఆగిపోతుంది. పలక ఒరుగుతుంది. అది ఖాళీ పలక కాదు, దాని మీద ఒకటిన్నర టన్నుల కారుంది. అందుకే మా ఇంట్లో ఒకటే రూల్. లిఫ్ట్ కదులుతున్నంతసేపూ పిల్లలు ఇంటి లోపలే, గ్యారేజీలోకి వచ్చే తలుపుకి గడియ పెట్టే ఉంటుంది. స్విచ్ తాళం నా దగ్గరే.

కొనేటప్పుడు మీరు చూడాల్సింది పెయింట్ మెరుపు కాదు, ఏఎల్ఐ సర్టిఫికేషన్ ముద్ర. ఏఎల్ఐ అంటే ఆటోమోటివ్ లిఫ్ట్ ఇన్‌స్టిట్యూట్. 1945 నుంచి ఉన్న సంస్థ. లిఫ్ట్ మోసే బరువు కూడా లెక్కేసుకోండి. ఎలక్ట్రిక్ కార్లు చూపుకి చిన్నగా ఉన్నా బ్యాటరీ వల్ల బరువెక్కువ. మోడల్ వై దాదాపు రెండు టన్నులు తూగుతుంది. అన్నట్టు, పలకల మధ్య ప్లాస్టిక్ ట్రేలు పెట్టుకోకపోతే వానలో తడిసొచ్చిన పై కారు నీళ్లన్నీ కింది కారు మీదే!

బిగించేశాం కదా అని నీళ్ల పైపు పారేయలేదు. నల్లరేగడి ఊరుకోదుగా. ఆగస్టు ఎండలకి ఒకసారి, వసంతం వానల తర్వాత ఒకసారి నాలుగు మూలలూ కొలుస్తా. మొన్న ఆగస్టులో డోర్ వైపు ఎడమ మూల ఒక నూలు కిందికి దిగింది. కారు దింపేసి, నట్టు సర్ది, ఖాళీ పలకల్ని మళ్లీ పైకి లేపి విన్నా. ఒకే టక్.