జీతం తీసుకుంటూ నేర్చుకునే ఇనుప పని

గత శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం రోజున ఒకావిడ మా యువజన కమిటీ టేబుల్ దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి, మెల్లగా అడిగారు. "మావాడు కాలేజీకి వెళ్ళనంటున్నాడండీ. ఐరన్‌వర్కర్ అవుతాడట. అదేం పని?" కమిటీలో ఉన్నదంతా కంప్యూటర్ల వాళ్ళమే, ఒక్కరమూ సరిగ్గా చెప్పలేకపోయాం. తర్వాత తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం. ఇలా మెల్లగా అడగాల్సినవాళ్ళు ఇంకా ఉంటారని మా అనుమానం.

భవనాలకు, వంతెనలకు ఉక్కు దూలాలను క్రేన్‌తో పైకెత్తి, బోల్టులు బిగించి, వెల్డింగ్ చేసి నిలబెట్టేవాళ్ళు ఐరన్‌వర్కర్లు. కాంక్రీటు పోసేముందు ఊచలు కట్టేదీ వీళ్ళే. మన ఊళ్ళో స్లాబు వేసేముందు రాడ్ బెండింగ్ వాళ్ళు చేసే పని అన్నమాట. మెట్లు, రెయిలింగులు, అద్దాల గోడలు బిగించడం ఇంకో శాఖ. వీళ్ళ యూనియన్ 1896లో పిట్స్‌బర్గ్‌లో మొదలైంది. ఇప్పుడు అమెరికా, కెనడాల్లో ప్రాంతానికొక శాఖ ఉంది, దాన్ని 'లోకల్' అంటారు.

అప్రెంటిస్‌షిప్ సాధారణంగా మూడు నాలుగేళ్ళు. పగలు సైటులో జీతానికి పని. సాయంత్రాలో, ఏడాదిలో కొన్ని వారాలో క్లాసులు. అక్కడ బ్లూప్రింట్ చదవడం, వెల్డింగ్, బరువులు కట్టి ఎత్తే రిగ్గింగ్, భద్రత నేర్పుతారు. పని పూర్తిగా వచ్చినవారిని జర్నీమన్ అంటారు. చాలాచోట్ల వాళ్ళ వేతనంలో సగమో, కాస్త ఎక్కువో అప్రెంటిస్‌కు మొదట ఇస్తారు, దశలవారీగా పెంచుతారు. శిక్షణ ఖర్చు ప్రధానంగా కాంట్రాక్టర్లు పనిగంటల లెక్కన కట్టే నిధి నుంచి వస్తుంది. కాబట్టి కాలేజీ అప్పులాంటిది ఉండదు. పుస్తకాలకు, యూనియన్ చందాకు మాత్రం కొంత కట్టాలి.

జీతం గంటల లెక్కే. ఒక ప్రాజెక్టు అయిపోయి ఇంకోటి దొరికేదాకా ఖాళీగా ఉండాల్సి రావచ్చు, చలికాలంలో మరీను. నెల జీతానికి అలవాటుపడిన మనలాంటి ఇళ్ళలో ఇది ముందే మాట్లాడుకోవడం మంచిది.

చేరడానికి 18 ఏళ్ళు నిండాలి, హైస్కూల్ డిప్లొమా లేదా జీఈడీ ఉండాలి. డ్రగ్ టెస్టు, ఇంటర్వ్యూ, చాలాచోట్ల లెక్కల పరీక్ష ఉంటాయి. కొన్ని లోకల్స్‌లో స్తంభం ఎక్కించి కూడా చూస్తారు. లెక్కలంటే కాల్‌క్యులస్ కాదు, అంగుళాల భిన్నాలు. మూడు బై ఎనిమిదికి అయిదు బై పదహారు కలపమంటే మాలో ఇద్దరు ఫోన్ తీశారు! జవాబు పదకొండు బై పదహారు.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇమిగ్రేషన్. ఇది జీతం వచ్చే ఉద్యోగం, పని చేసే అనుమతి ఉండాలి. గ్రీన్‌కార్డు, పౌరసత్వం ఉన్న పిల్లలకు ఇబ్బంది లేదు. హెచ్-4 మీద ఉన్న పిల్లలు ఆ వీసాతో పనిచేయలేరు. ఆ హెచ్-4 కూడా 21 ఏళ్ళకు ఆగిపోతుంది. ఆవిడను మేము మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే, అప్పుడు తోచలేదు.

ఇక భయం సంగతి. అది ఉత్త భయం కాదు. అమెరికా నిర్మాణరంగంలో ఎక్కువ ప్రాణాలు తీసేది పైనుంచి పడిపోవడమే. ఉక్కు నిలబెట్టే పనిలో 15 అడుగులు దాటితే పడిపోకుండా రక్షణ ఉండాలని ఓషా నిబంధన. అయితే దూలాలను మొదట కలిపే కనెక్టర్లకు 30 అడుగుల దాకా కొంత సడలింపు ఉంది. చాలా కంపెనీలు అంతకన్నా కఠినంగా ఉంటాయి. అందుకే, "మీ సైట్లలో ఎన్ని అడుగుల నుంచి తాడు కట్టుకోవాలి?" అని లోకల్‌లో నేరుగా అడగండి.

అమ్మాయిలకూ ఇందులో చోటుంది. ప్రసూతికి ముందూ తర్వాతా వేతనంతో సెలవు ఇచ్చే పథకాన్ని ఈ యూనియన్ 2017లో తెచ్చింది.

కొన్ని లోకల్స్ దరఖాస్తులు ఏడాదిలో కొద్ది రోజులే తీసుకుంటాయి, తేదీలు ఫోన్ చేసి కనుక్కోవాలి. ఆ ఫోన్ పిల్లలే చేస్తే మంచిది. ఆవిడ అబ్బాయికి గ్రీన్‌కార్డు ఉంది. వచ్చే నెల పరీక్ష రాస్తున్నాడు, ఆదివారాలు మా టేబుల్ దగ్గరే భిన్నాలు చేస్తున్నాడు. ఇంకెవరైనా రావాలనుకుంటే పదకొండింటికి, హారతి అయ్యాక రండి.