మాస్కోలో జెండా దిగితే మనకేం మారింది?

1989 నవంబరు 9న బెర్లిన్ గోడ తెరుచుకుంది. 1991 డిసెంబరు 25 రాత్రి క్రెమ్లిన్ మీద ఎర్రజెండా దించేశారు. ఈ రెండు తేదీల నడుమ తూర్పు యూరప్ కమ్యూనిస్టు ప్రభుత్వాలు వరసపెట్టి కూలాయి. ఆ మాట మన వరంగల్ ప్రాంతంలో ధర్మసాగర్, కాజీపేట, హనుమకొండ వైపు ఎక్కడ కదిలించినా "అక్కడ పడ్డది, దాంతోనే ఇక్కడా పడ్డది" అనేవాళ్లు ఎదురవుతారు. లెక్కలు తీస్తే కథ వేరుగా ఉంది.

అపోహ: సోవియట్ పోవడంతోనే మన కమ్యూనిస్టు పార్టీలు చతికిలబడ్డాయి.

వాస్తవం: 1989లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు సీపీఐ నుంచి 8 మంది, సీపీఎం నుంచి ఆరుగురు గెలిచారు. సోవియట్ కూలిన మూడేళ్లకు, 1994లో, అవే పార్టీలు 19, 15 సీట్లు తెచ్చుకున్నాయి. తెలుగుదేశంతో పొత్తు, కాంగ్రెస్ మీద జనం కోపం కలిసొచ్చాయి. ఓటరుకు మాస్కో గొడవ పట్టలేదు. పూర్తిగా దెబ్బతిన్నది చాలా తర్వాత: 2018 తెలంగాణ ఎన్నికల్లో రెండు పార్టీలకూ సున్నా. ఆ పతనానికి కారణాలు పొత్తుల్లో, తెలంగాణ ఉద్యమంలో, మారిన పల్లెల్లో ఉన్నాయి.

అపోహ: రష్యా అండ పోయాకే వరంగల్‌లో నక్సలైట్ల బలం తగ్గింది.

వాస్తవం: ఆ అండ ఏనాడూ లేదు. నక్సలైట్ల పార్టీ పీపుల్స్‌వార్‌ను 1980 ఏప్రిల్ 22న పెట్టిన కొండపల్లి సీతారామయ్య ఒకప్పుడు ధర్మసాగర్‌కు దగ్గర్లోని కాజీపేట సెయింట్ గాబ్రియేల్ బడిలో హిందీ పంతులు. ఆయన పార్టీది మావో దారి. సోవియట్‌ను వాళ్లు "సామాజిక సామ్రాజ్యవాదం" అని తిట్టిపోసేవారు. తూర్పు యూరప్ ప్రభుత్వాలు పడిపోయిన కొద్ది నెలలకే, 1990 మేలో, వరంగల్‌లో వాళ్ల రైతుకూలీ సంఘం మహాసభకు లక్షల్లో జనం వచ్చారు. ఆ ఊపును ఆపింది 1992లో పార్టీ మీద వచ్చిన నిషేధం, ఏళ్ల తరబడి సాగిన పోలీసు చర్యలు.

అపోహ: సోవియట్ కూలింది కాబట్టే పీవీ ఆర్థిక సంస్కరణలు తెచ్చారు.

వాస్తవం: వరంగల్ జిల్లా లక్నేపల్లిలో పుట్టిన పీవీ నరసింహారావు ప్రధాని అయింది 1991 జూన్ 21న. ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్ సంస్కరణల బడ్జెట్ జులై 24న వచ్చింది. అప్పటికి సోవియట్ యూనియన్ ఇంకా ఉంది. గల్ఫ్ యుద్ధంతో పెరిగిన చమురు ధర, పేరుకుపోయిన అప్పులు, రెండు మూడు వారాల దిగుమతులకే సరిపోయే విదేశీ మారకం అసలు కారణాలు. అయితే సోవియట్ దెబ్బ కూడా తగిలింది. మన ఎగుమతుల్లో దాదాపు ఆరో వంతు అక్కడికే, రూపాయల్లోనే పోయేది. ఆ బజారు కుప్పకూలింది. అప్పు మాత్రం పోలేదు: 1993 ఒప్పందం ప్రకారం పాత బాకీలో కొంత భాగాన్ని వడ్డీ లేకుండా 45 ఏళ్లలో రష్యాకు తీర్చాలి.

అపోహ: సోవియట్ పుస్తకాలంటే ఉత్త పార్టీ ప్రచారం.

వాస్తవం: ప్రచారం ఉంది, నిజమే. 'సోవియట్ భూమి' పత్రిక అందుకే వచ్చేది. దాని నున్నటి రంగుల కాగితాలు మాత్రం చాలా ఇళ్లలో పిల్లల నోటుబుక్కులకు అట్టలయ్యాయి. విశాలాంధ్ర పుస్తకాల షాపుల్లో, ఊళ్లు తిరిగే వ్యాన్లలో టాల్‌స్టాయ్, చెహోవ్, పెరెల్మాన్ భౌతికశాస్త్రం, బొమ్మల కథలు కారుచౌకగా దొరికేవి. ఉప్పల లక్ష్మణరావు వంటి వాళ్లు మాస్కోలో కూర్చుని తెలుగులోకి అనువదించేవారు. 1991తో ఆ పుస్తకాల రాక ఆగింది. ఆ పిల్లల పుస్తకాలు చాలావాటిని తర్వాత సికింద్రాబాద్ 'మంచి పుస్తకం' మళ్లీ అచ్చువేసింది. వాటిని ఇవాళ కొనేవాళ్లు పార్టీ చూసి కొనడం లేదు.

అపోహ: సోవియట్ పోయాక రష్యా చదువులతో మనకు బంధం తెగింది.

వాస్తవం: తెగలేదు, బేరంగా మారింది. సోవియట్ రోజుల్లో స్కాలర్‌షిప్ మీద కొద్దిమందే వెళ్లేవారు. దేశం 15 ముక్కలయ్యాక ప్రభుత్వ నిధులు తగ్గిన విశ్వవిద్యాలయాలు విదేశీ ఫీజుల కోసం ఇంగ్లిష్ మీడియం ఎంబీబీఎస్ సీట్లు తెరిచాయి. రష్యా, ఉక్రెయిన్, కిర్గిజ్‌స్థాన్, జార్జియా పేర్లు విదేశీ చదువుల కన్సల్టెన్సీ బోర్డుల మీదికెక్కాయి. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద యుద్ధానికి దిగింది. 'ఆపరేషన్ గంగ'లో ఉక్రెయిన్ నుంచి వేలమంది భారతీయులను వెనక్కి తెచ్చినప్పుడు వారిలో ఎక్కువమంది విద్యార్థులు, తెలుగు పిల్లలూ ఉన్నారు.

కాబట్టి యూరప్ కమ్యూనిజం పతనం మన మీద చూపిన ప్రభావం వెతకాలంటే పార్టీ ఆఫీసు కన్నా కన్సల్టెన్సీ ఆఫీసే దగ్గరి దారి. అక్కడ సంతకం పెట్టేముందు కోర్సు మన వైద్య కమిషన్ నిబంధనలకు సరిపోతుందా, విదేశీ పట్టభద్రుల పరీక్షలో ఆ కాలేజీ వాళ్లు ఎంతమంది గట్టెక్కుతున్నారు అన్నది అడిగి తేల్చుకోవాలి.