ఎయిర్ ఫ్రయ్యర్ కొనాలా? ముందు నూనె ప్యాకెట్లు లెక్కపెట్టండి



గుండె జబ్బుకు చికిత్స పొంది ఇంటికి వెళ్తున్న ఒక పెద్దాయనకు, నూనెలో వేయించినవి మానేయమని చెప్పాము. ఆయన భార్య మెల్లగా అడిగింది: “నూనె లేకుండా వేయించే మిషన్ వచ్చిందంట కదమ్మా. మావోడు అప్పు చేసైనా కొంటానంటున్నాడు. అది లేకుంటే ఈయనకు బాగు కాదా?”

వాననే నమ్ముకుని చెనిక్కాయలు వేసే మన అనంతపురం ప్రాంతపు రైతుకు ఐదు వేల రూపాయలు చిన్న మొత్తం కాదు. కాబట్టి జవాబు ముందే చెబుతాము. ఆయన గుండెకు కావలసింది మిషన్ కాదు. మందులు మానకుండా వేసుకోవడం, నూనె, ఉప్పు తగ్గించడం. ఎయిర్ ఫ్రయ్యర్ అందుకు ఒక సాధనం మాత్రమే. అది ఎవరికి ఉపయోగమో చూద్దాం.

అది ఎలా పనిచేస్తుంది?

ఇది ఒక చిన్న కరెంటు ఓవెన్. పైన కాయిల్ వేడెక్కుతుంది. ఫ్యాను ఆ వేడి గాలిని బుట్ట చుట్టూ వేగంగా తిప్పుతుంది. పదార్థం పైన ఉన్న తడి ఆరి, కరకరలాడుతుంది. 2010లో ఫిలిప్స్ కంపెనీ ఈ పేరుతో అమ్మకానికి తెచ్చాక ఇది ఇళ్లలోకి వచ్చింది. పేరుకు వేయించడమే గాని, నిజానికి ఇది కాల్చడం.

తగ్గేది ఏమిటి, తగ్గనిది ఏమిటి?

తగ్గేది నూనె. అంగట్లో దొరికే బంగాళదుంప చిప్స్ బరువులో సుమారు మూడోవంతు నూనే ఉంటుంది. ఎయిర్ ఫ్రయ్యర్‌లో అయితే నలుగురికి సరిపడే ముక్కలకు ఒకటి రెండు టీ చెంచాల నూనె చాలు. బాణలిలో మిగిలిన నూనెను మళ్లీ మళ్లీ కాచే అవసరమూ ఉండదు. పలుమార్లు కాగిన నూనె ఆరోగ్యానికి చెరుపు. అందుకే వాడిన నూనెలో చెడు పదార్థాలు ఇంతకు మించరాదని ప్రభుత్వం 2018 జూలై 1 నుంచి హోటళ్లకు హద్దు పెట్టింది. ఇంట్లో కొలవలేము గనుక, నల్లబడి, చిక్కబడి, త్వరగా పొగ వచ్చే నూనెను పారేయండి.

తగ్గనివి ఉప్పు, మైదా, బంగాళదుంపలోని పిండిపదార్థం. షుగర్ ఉన్నవారు ఇది మరచిపోకూడదు. ఫ్రిజ్‌లో ఉంచి అమ్మే చిప్స్, నగ్గెట్స్ ప్యాకెట్లు చాలావరకు ముందే నూనెలో వేయించినవి. ఇంకొక ప్రమాదం మన మనసులోనే ఉంది. నెలకొకసారి తినేవాళ్లం, “నూనె లేదు కదా” అని రోజూ తినడం మొదలుపెడతాము!

కొనేముందు లెక్క

శ్రమ తక్కువగా ఉండే పెద్దవారికి రోజుకు 20 నుంచి 25 గ్రాముల నూనె, అంటే నాలుగైదు టీ చెంచాలు చాలు. ఆ లెక్కన నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి నెలకు రెండున్నర, మూడు లీటర్లు. మీ సరుకుల చీటీ తీసి చూడండి. ఎక్కువ ఉంటే, ఆ నూనె ఎక్కడికి పోతున్నదో గమనించండి. వారానికి రెండు మూడుసార్లు బాణలి పెట్టే ఇల్లయితే ఈ మిషన్ మేలు చేస్తుంది. తిరగమోతలోనూ కూరలోనూ ఖర్చయితే, మిషన్ కొన్నా ఆ నూనె తగ్గదు. సీసా వంచి పోయడం మాని చెంచాతో కొలవండి.

కొనదలిస్తే

• నలుగురికి 4 నుంచి 5 లీటర్ల బుట్ట చాలు.
• ఇది సుమారు 1,500 వాట్లు తీసుకుంటుంది. చిన్న 5 ఆంప్స్ ప్లగ్గులో పెట్టకండి. ఎర్తింగ్ ఉన్న 15 ఆంప్స్ పెద్ద ప్లగ్గే వాడండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు.
• 20 నిమిషాలకు అర యూనిట్ కరెంటు కాలుతుంది. వోల్టేజీ తక్కువైతే వేడి చాలదు.
• వెనుక గాలి వెళ్లేందుకు గోడకు జానెడు దూరం ఉంచండి.
• బుట్టను ఇనుప పీచుతో తోమకండి. లోపలి పూత లేచిపోతే వాడకండి.

వండే తీరు

చెనిక్కాయ విత్తనాలు: 160 డిగ్రీల వద్ద 8 నుంచి 10 నిమిషాలు. మధ్యలో రెండుసార్లు కుదపండి. నూనె అక్కరలేదు. గింజలోనే సగం దాకా నూనె ఉంది గనుక గుప్పెడు చాలు.

బెండకాయ: కడిగి, బాగా తుడిచి, కోసి, ఒక చెంచా నూనె పట్టించి 180 డిగ్రీల వద్ద 12 నుంచి 15 నిమిషాలు. బుట్టలో కుక్కితే వేగవు, ఉడుకుతాయి.

కోడి ముక్కలు: పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం పట్టించి 180 డిగ్రీల వద్ద 20 నుంచి 25 నిమిషాలు. సగంలో తిప్పండి. ఎముక దగ్గర ఎరుపు కనిపిస్తే ఇంకొంచెం ఉంచండి.

మిరపకాయ బజ్జీ మాత్రం ఇందులో కుదరదు. జారుడు పిండి గట్టిపడకముందే బుట్ట సందుల్లోకి కారిపోతుంది. దేన్నయినా బంగారు రంగు వచ్చేవరకే ఉంచండి. బంగాళదుంప వంటివి నల్లగా మాడితే అక్రిలమైడ్ అనే హానికర పదార్థం పెరుగుతుంది.

మిషన్ లేనివారికి

మందపాటి ఇనుప పెనం, దానిపై మూత ఉంటే చాలు. రెండు చెంచాల నూనెతో బెండకాయ, వంకాయ చక్కగా మగ్గుతాయి. రాగి సంగటికి నూనెతో పనే లేదు. ఉగ్గాని చేసుకున్నప్పుడు పక్కన బజ్జీకి బదులు ఇసుకలో వేయించిన చెనిక్కాయలు పెట్టుకోండి.

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని ప్రభువు చెప్పిన మాట లూకా సువార్త 14వ అధ్యాయంలో ఉంది. వంటింటికీ అది వర్తిస్తుంది. మాత్రలకు దాచిన డబ్బుతోగాని, వడ్డీకి తెచ్చిన డబ్బుతోగాని ఈ మిషన్ కొనకండి.

ఆ తల్లి మరుసటి చెకప్‌కు వచ్చినప్పుడు చెప్పింది: “ఆరు ప్యాకెట్లు పట్టేదమ్మా, ఇప్పుడు మూడున్నరకు తెచ్చినా. మిషన్ కొనలేదు. ఈయన మాత్రలు మటుకు ఒక్కపూట కూడా తప్పలేదు.”