నిరోష్ఠ్యము : పదార్థ విచారము

‘నిరోష్ఠ్యము’ అనగా ‘పెదవులు లేనిది’ యని విద్యార్థులు అర్థము చెప్పుట కలదు. అది సమగ్రము కాదు. ఓష్ఠము పెదవి, ఓష్ఠమున పుట్టిన వర్ణము ఓష్ఠ్యము, ఓష్ఠ్యములు తొలగినది నిరోష్ఠ్యము. తొలగునది పెదవి కాదు, పెదవి పుట్టించు అక్షరము. ఈ భేదమును తెలుపునది చివరి యకారమే.

ప ఫ బ భ మ లును, ఉ ఊ లును ఓష్ఠ్యములు. ఒ ఓ ఔ లు కంఠోష్ఠ్యములు, వకారము దంతోష్ఠ్యము. కఠిననియమమున ఇవియు వర్జ్యములే. ఊరిపేళ్లతో దీనిని సులభముగా బోధింపవచ్చును. గోదావరి కుత్తరమున నున్న లక్సెట్టిపేటను ఉచ్చరించునపుడు మొదటి మూడక్షరములలో పెదవులు కలియవు. ‘పే’ యను నాల్గవ యక్షరమున కలియును. నదికి దక్షిణముననున్న జగిత్యాల పేరున ఒక్క ఓష్ఠ్యమును లేదు.

చిత్ర మేమన, ‘నిరోష్ఠ్య’ శబ్దముననే ఓకార మున్నది. కావున ఆ నియమమున వ్రాసిన పద్యమున ఆ పేరే చొరరాదు. పెదవి, మోవి అను తెలుగు పేళ్లకును ప్రవేశము లేదు. ‘క్రిందిది’ అను నర్థమునుండి క్రిందిపెదవికి, పిదప పెదవి మాత్రమునకు పేరైన ‘అధర’ శబ్దము నిలుచును.

సంస్కృతమున ఈ నియమము ప్రాచీనము. దండి తన కావ్యాదర్శమున స్థాననియమమును వివరించెను. దశకుమారచరితము సప్తమోచ్ఛ్వాసమున మంత్రగుప్తుడు ప్రియురాలి దంతక్షతముచే పెదవి నొచ్చి, ఓష్ఠ్యములు లేకుండ తన కథ చెప్పును.

తెలుగున ఇది మఱింత కఠినము. సంస్కృతమున ప్రథమకు గుర్తైన విసర్గము ఓష్ఠ్యము కాదు. మన ప్రథమా ప్రత్యయములు డు, ము, వు, లు నాల్గును ఉకారాంతములే. తక్కిన విభక్తులలో ని, చేత, కై, కంటె, కి, న వంటి కొలదిపాటి మాత్రమే మిగులును. కును, తోడ, కొఱకు, వలన, యొక్క, అందు అన్నియు పోవును. క్రియలలో ‘చేయును’ వంటివి పోగా, ‘చనెన్’, ‘నిలిచెన్’, ‘అనిరి’ వంటి భూతకాల రూపములును, ‘చని’, ‘కని’ వంటి క్త్వార్థకములును కథ నడుపవలెను.

రామకథను గైకొన్న కవికి కలుగు చిక్కు ఊహింపదగినది. ‘రాముడు’ అనరాదు, రాఘవ శబ్దమున వకార మడ్డు. ‘దాశరథి’ చెల్లును; ఇకారాంతము గనుక ‘దాశరథికి’ యు చెల్లును. ‘సీత’ ప్రథమలో నిరాఘాటముగ నిలుచును గాని ‘సీతకు’ అనరాదు. 16వ శతాబ్దమున తెలంగాణమున వెలసిన మరింగంటి సింగరాచార్యులు తన నిరోష్ఠ్య రామకథకు ‘దశరథరాజనందన చరిత్ర’ యని పేరిడెను. నాయకుని నామము లేని ఆ పేరున ఒక్క ఓష్ఠ్యాక్షరమును లేకుండుట గమనింపదగును. ఆయనయే శుద్ధాంధ్ర నిరోష్ఠ్య సీతాకల్యాణమును రచించెను. తత్సమములనుగూడ విడిచిన ఆ నియమము రెండింతల బంధము.

కావున తెలుగున నిరోష్ఠ్యమనగా కొన్ని యక్షరముల వర్జనము మాత్రమే కాదు. వ్యాకరణమున సగపాలు వదలి వాక్యము నిలుపుట. చిత్రకవిత్వ మధమమని లాక్షణికు లన్నమాట రసదృష్టితో అన్నది. భాషాదృష్టికి ఈ కావ్యములు నిక్షేపములు. ఏ ప్రత్యయము లోపించినచోట కవి ఏ రూపము నాశ్రయించెనో పద్యపద్యమునకు పట్టిక వేసినచో, తెలుగు వాక్యమునకు ఏది ప్రాణమో, ఏది అలంకారమాత్రమో తేలగలదు. పరిశోధకవిద్యార్థులు పూనుకొనదగిన పని యిది.